ఉక్కపోతే ఋతువు: సింగపూర్ నుంచి బాగాన్ దాతుక్ దాకా

మొదటి రోజు: చాంగీ, టెక్కా

హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కితే నాలుగున్నర గంటల్లో సింగపూర్. ఏప్రిల్‌లో ఈ ప్రయాణం పెట్టుకుంటే ఎండల నుంచి పారిపోతున్నట్టే ఉంటుంది. థర్మామీటర్ లెక్కన అది నిజం కూడా. రామగుండం, విజయవాడ నలభై దాటే రోజుల్లో ఇక్కడ మధ్యాహ్నం 32, మహా అయితే 34. ఈ దీవిలో నమోదైన గరిష్ఠం 37 డిగ్రీలు: 1983 ఏప్రిల్‌లో టెంగాలో, మళ్ళీ 2023 మేలో ఆంగ్ మో కియోలో. మనకు 37 అంటే మార్చి నెల ఎండ.

అయితే విమానాశ్రయం తలుపు దాటగానే కళ్ళద్దాలు మసకబారతాయి. లోపలి గాలి 23, 24 డిగ్రీల్లో ఉంటుంది. బయటి గాలి డ్యూ పాయింట్, అంటే అందులోని ఆవిరి నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత, ఏడాది పొడవునా 24కి అటూ ఇటూగా ఉంటుంది. అంతకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువును బయటికి తెచ్చినా దాని మీద నీరు పడుతుంది. సింగపూర్ నుంచి కౌలాలంపూర్ దాకా ఒంట్లోనూ ఇంట్లోనూ ఎదురయ్యే చిక్కుల్లో సగం ఈ ఒక్క సంఖ్య దగ్గరే మొదలవుతాయి. కెమెరా ఉంటే ఏసీ గదిలోనే జిప్ సంచిలో పెట్టి మూసి, బయటికి వచ్చాక అరగంట ఆగి తీయాలి. నీరు సంచి మీద పడుతుంది, లెన్సు మీద కాదు.

ఒంటికీ ఇదే లెక్క. తెలంగాణ మే ఎండలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. అక్కడ భయం వడదెబ్బది, ఒంట్లో నీరు ఇంకిపోవడానిది. ఇక్కడ చెమట ఆరదు, జారుతుంది. ఆరకపోతే చల్లదనం రాదు. కాకినాడ, విశాఖ వాళ్ళకు ఇది కొత్త కాదు. మే నెలలో విశాఖ ఉక్కపోత సింగపూర్ కంటే ఒక మెట్టు ఎక్కువే. కానీ విశాఖకు డిసెంబరు ఉంది. సింగపూర్‌లో 1991–2020 సగటు తీస్తే అన్నిటికన్నా వేడి నెల మే 28.6, అన్నిటికన్నా చల్లని నెలలు డిసెంబరు, జనవరి 26.8. తేడా రెండు డిగ్రీలు కూడా లేదు. ఇక్కడ ఉండగలమా అని అడిగేవాళ్ళు ఎంత వేడి అని అడుగుతారు. అడగాల్సింది ఎప్పుడు ఆగుతుందని.

లిటిల్ ఇండియాలోని సంత, టెక్కా సెంటర్ చుట్టుపక్కల మొదటి రోజే కొనాల్సినవి కొన్ని ఉన్నాయి. గట్టి గొడుగు (రెయిన్‌కోటు వద్దు, లోపల ఉడికిపోతారు), పలుచని నూలు బనియన్లు, చెమట పొక్కులకు పౌడరు, వేళ్ళ సందులకు గాలి తగిలే చెప్పులు. హోటల్ గదిలో ఏసీ 18కి తిప్పకండి. మర్నాడు బయట అడుగుపెట్టేసరికి ఒళ్ళు మళ్ళీ మొదటికొస్తుంది. 25, 26లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే చాలు. ఒళ్ళు ఈ గాలికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రాత్రింబవళ్ళు ఏసీలో ఉండేవాళ్ళకు ఆ అలవాటు ఎన్నేళ్ళకూ రాదు.

రెండో రోజు: బొటానిక్ గార్డెన్స్, గడియారం సంగతి

పొద్దున ఏడింటికి గానీ తెల్లవారదు. భూమధ్యరేఖకు ఇంత దగ్గర, ఒకటింపావు డిగ్రీల ఉత్తరాన ఉన్న చోట సూర్యుడు ఆరింటికి రావాలి. 1982 జనవరి 1 నుంచి సింగపూర్ తన గడియారాన్ని తన రేఖాంశానికి తగినదానికంటే గంటకు పైగా ముందుకు జరుపుకుంది. అందువల్ల నడినెత్తి సూర్యుడు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వస్తాడు. అసలు వేడి రెండు నుంచి నాలుగు దాకా. ఇది తెలియక పన్నెండింటికి నీడపట్టున కూర్చుని, రెండింటికి బయల్దేరే యాత్రికులే ఎక్కువ.

బొటానిక్ గార్డెన్స్ తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తారు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నడకకు మంచి వేళ. ఆ సమయంలో తేమ తొంభై శాతం పైనే ఉంటుంది కానీ ఉష్ణోగ్రత 25, 26, పైగా ఎండ లేదు. మధ్యాహ్నం తేమ అరవై శాతానికి దిగుతుంది. అయినా హాయి పొద్దుటిదే, ఎందుకంటే ఇక్కడ మనిషిని కూలదోసేది నెత్తిమీద పడే ఎండ. ఈ మూడింటినీ, అంటే వేడి, తేమ, ఎండలను కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ ఉష్ణోగ్రతను ఇక్కడి వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. 31 లోపు మామూలు, 31 నుంచి 33 దాకా జాగ్రత్త, 33 దాటితే బయట కష్టపడి చేసే పని మానుకోవడం మంచిది. 2023 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఈ కొలత 32 చేరితే ఆరుబయట బరువు పని చేసే కార్మికులకు గంటకు కనీసం పది నిమిషాల విరామం ఇవ్వాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు కనీసం ఏడు రోజులు పని కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయాలి. తెలంగాణ, ఆంధ్ర నుంచి నిర్మాణ పనులకు వచ్చేవాళ్ళు తెలుసుకుని, అడిగి తీసుకోవాల్సిన హక్కు ఇది.

ఏప్రిల్ రెండు ఋతుపవనాల మధ్య కాలం. గాలి చచ్చినట్టుంటుంది. మూడు, నాలుగింటికి ఉరుముల వాన కురిసి గంటలో వెలుస్తుంది, ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు దిగుతుంది. వాన ముందు పది నిమిషాలు వీచే గాలి ఈ దేశంలో దొరికే అతి గొప్ప సుఖం. అది ఉచితం కూడా. ఏప్రిల్ నుంచి నవంబరు మధ్య కొన్ని రోజులు తెల్లవారుజామున పక్కనున్న ఇండోనేసియా దీవి సుమత్రా వైపు నుంచి ఉరుముల వరుస ఒకటి దూసుకొస్తుంది. దాన్ని ఇక్కడ సుమత్రా స్క్వాల్ అంటారు. కిటికీలు తెరిచి పడుకున్నవాళ్ళ పరుపులు తడిసేది దీనివల్లే.

ఋతువులే లేవనడం కూడా పూర్తిగా సరికాదు. ఇక్కడి చెట్ల మీద పెరిగే ఒక తెల్లని ఆర్కిడ్ ఉంది, పావురపు ఆర్కిడ్ అంటారు. పెద్ద వానకు గాలి ఒక్కసారిగా ఐదారు డిగ్రీలు చల్లబడితే, సరిగ్గా తొమ్మిది రోజులకు ఆ చుట్టుపక్కల ఉన్న ఆ జాతి మొక్కలన్నీ ఒకే పొద్దున పూస్తాయి. సాయంత్రానికి వాడిపోతాయి. మనకు ఆర్నెల్లు పట్టే మార్పును ఆ మొక్క ఒక్క మధ్యాహ్నపు వానలో పట్టుకుంటుంది. డిసెంబరు, జనవరిల్లో ఈశాన్య ఋతుపవనం ఉధృతంగా ఉన్నప్పుడు రెండు మూడు రోజులు ఏకధాటిగా కురిసి 22 డిగ్రీలకు దిగడమూ ఉంది. ఆ రోజుల్లో సింగపూర్ వాళ్ళు బీరువాలోంచి స్వెటర్లు తీస్తారు. నవ్వకూడదు. ఒంటికి పట్టేది తేడానే.

మూడో రోజు: తోవా పాయో, ఇళ్ళు

అసలు విషయం ఇళ్ళ దగ్గర తేలుతుంది. ఇక్కడ స్థిరపడినవాళ్ళలో పదిమందికి దాదాపు ఎనిమిది మంది ఉండేది ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో. పాత బ్లాకుల కింద అంతస్తు ఖాళీగా వదిలేస్తారు, వాయిడ్ డెక్ అంటారు. ఎండలో నడిచి వచ్చి అక్కడ నిలబడితే గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చర్మానికి తెలుస్తుంది.

అద్దెకు ఇల్లు చూసేవాళ్ళు మొదట అడగాల్సింది పడమటి ఎండ గురించి. సూర్యుడు ఇక్కడ ఏడాదంతా దాదాపు నెత్తి మీదుగానే పోతాడు కాబట్టి ఉత్తర, దక్షిణ గోడలకు చిన్న సజ్జా చాలు. తూర్పు, పడమర గోడలకు సజ్జా పనికిరాదు, ఎండ అడ్డంగా పడుతుంది. పడమటి గోడ మధ్యాహ్నమంతా వేడిని తాగి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా గదిలోకి వదులుతుంది. పగలు ఇల్లు చూస్తే ఇది పట్టుబడదు. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి పడకగది పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే ఆ ఇల్లు వద్దు, అద్దె తగ్గించినా వద్దు. రెండోది, ఎదురెదురు గోడలకు కిటికీలున్నాయా అన్నది. ఒకే వైపు కిటికీలున్న అద్దాల కాండో (ప్రైవేటు అపార్ట్‌మెంటు) ఎంత కొత్తదైనా ఏసీ లేకుండా ఒక్క గంట ఉండలేని పెట్టె. ఈ వాతావరణాన్ని తిట్టేవాళ్ళలో చాలామంది నిజానికి తమ ఇంటిని తిడుతున్నారు.

ఫ్యాన్ విలువ ఇక్కడికి వస్తేనే తెలుస్తుంది. ఒంటికి సెకనుకు మీటరు వేగంతో గాలి తగిలితే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు ఉంటుంది. 29 డిగ్రీల గదిలో ఆ మాత్రం తగ్గుదలే నిద్రకూ మెలకువకూ మధ్య తేడా. మంచం సరిగ్గా ఫ్యాన్ కిందే ఉండాలి. మందపాటి స్పాంజి పరుపు వీపు కింద వేడిని పట్టి ఉంచుతుంది. దాని మీద ఒక చాప పరిస్తే ఎంతో నయం.

ఏసీ వాడేవాళ్ళు చేసే పెద్ద తప్పు, బాగా చల్లగా పెట్టి తలుపు ఓరగా వదిలేయడం. డ్యూ పాయింట్ 24 కదా, 18 డిగ్రీల గది గోడ అవతలి ముఖం కూడా 24 కిందికి దిగితే అటువైపు తడి పడుతుంది. వారంలో నల్లటి బూజు చుక్కలు. బీరువాను గోడకు ఆనించి పెడితే వెనక ఇదే కథ, అందుకే నాలుగు వేళ్ళ సందు వదలాలి. ఏసీ లోపలి యూనిట్ నుంచి నీళ్ళు కారుతున్నాయంటే పది సార్లలో తొమ్మిది సార్లు గ్యాస్ సమస్య కాదు. నీళ్ళు పోయే గొట్టంలో పాచి పేరుకుని అడ్డుపడుతుంది. మన దగ్గర వేసవి ముందు ఒకసారి సర్వీసు చేయిస్తాం, ఇక్కడ మూడు నెలలకోసారి. యంత్రానికి సెలవు నెలలు లేవు మరి.

పట్టుచీరలను ప్లాస్టిక్ కవర్లో పెడితే లోపలి తేమ బయటికి పోదు, జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టాలి. తోలు చెప్పులు నెల వాడకపోతే బూజు పడతాయి. పాలీయురేథేన్ అడుగున్న బూట్లు మరీ ద్రోహం చేస్తాయి. పెట్టెలో భద్రంగా దాచిన కొత్త జత కూడా మూడు నాలుగేళ్ళకు తేమతో లోపలే విరిగి, తొడిగిన రోజు నడిరోడ్డు మీద అడుగు ఊడిపోతుంది. రోజూ వాడేవే ఎక్కువ కాలం వస్తాయి. లెన్సులకు, పాత ఫొటోలకు తేమను 40–50 శాతంలో ఉంచే డ్రై క్యాబినెట్ కొనుక్కోవాలి, ఇది డాబు ఖర్చు కాదు.

వంటింట్లో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. ఇడ్లీ పిండి ఏడాది పొడవునా ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పొంగుతుంది. డిసెంబరులో హైదరాబాద్‌లో దుప్పట్లు కప్పి చేసే సేవలు ఇక్కడ అక్కర్లేదు. రాత్రి పదింటికి రుబ్బి పొద్దున ఏడింటికి ఫ్రిజ్‌లో పెట్టేయాలి, పదకొండు దాకా వదిలితే పుల్ల దోసెలే. బియ్యం బస్తా తేకండి, ఐదు కిలోల సంచులు తెచ్చి మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి డబ్బాలో పోస్తే పురుగు రాదు. వడియాలు, అప్పడాల ఆశ వదులుకోవాలి. మధ్యాహ్నం వాన ముంచుకొచ్చే చోట మూడు రోజుల వరస ఎండ దొరకదు. బట్టలకూ ఇదే సూత్రం: పొద్దున ఎనిమిదికి ఆరేసి రెండింటికల్లా తీసేయాలి. జీన్సు, టర్కీ తువ్వాళ్ళు తడి వాసన వదలవు, పలుచని గళ్ళ తువ్వాళ్ళే మేలు.

చలికాలం లేకపోవడం దోమకు వరం. డెంగీ ఏడాదంతా ఉంటుంది, జూన్ నుంచి అక్టోబరు దాకా మరింత. పూలకుండీ కింది పళ్ళెంలో వారం నీరు నిలిస్తే చాలు. ఇంటికొచ్చి చూస్తారు, లార్వా కనిపిస్తే జరిమానా వేస్తారు. ఇక నైరుతి ఋతుపవన కాలంలో అటు సుమత్రా అడవులు, పీట్ నేలలు (కుళ్ళిన ఆకూ అలమూ పేరుకున్న బురద నేలలు) తగలబడిన ఏళ్ళలో పొగ వస్తుంది. 2013 జూన్‌లో ఇక్కడి కాలుష్య సూచిక 401కి చేరింది. కిటికీ తెరిచి బతకమని ఇంతసేపూ చెప్పిన మాటలన్నీ ఆ వారాల్లో చెల్లవు.

నాలుగో రోజు: మలాకా

సింగపూర్ నుంచి మలేసియాలోని మలాకాకు బస్సులో, సరిహద్దు తనిఖీలు కలుపుకుని, నాలుగైదు గంటలు. చేతిసంచిలో శాలువా ఉండాలి. ఈ దేశాల్లో మనిషికి నిజంగా చలి పుట్టేది బస్సుల్లోనే.

ఊళ్ళో చూడాల్సింది పాత షాప్‌హౌస్‌లు. వీధి వైపు ఇరుకు, లోపలికి పొడవు. ముందు దుకాణం, వెనక కాపురం, మధ్యలో ఆకాశానికి తెరిచిన చిన్న బావి లాంటి ఖాళీ. మండువా లోగిలి చూసినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. వేడి గాలి అందులోంచి పైకి పోతుంటే వీధి వైపు నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. హీరెన్ వీధిలో 8వ నంబరు ఇల్లు బాగుచేసి జనం చూడటానికి తెరిచి ఉంచారు. ఇళ్ళ ముందు వరసగా సాగే కప్పున్న నడవా, ఐదడుగుల దారి, ఈ వాతావరణానికి మనుషులు కనిపెట్టిన అతి తెలివైన వస్తువని మా అభిప్రాయం. 1822లో ఆంగ్లేయ అధికారి రాఫెల్స్ సింగపూర్ పట్టణ నిర్మాణానికి ఇచ్చిన ఆదేశాల్లో దాన్ని తప్పనిసరి చేశాడు. ఎండా వానా రెండూ పడవు, దుకాణానికి బేరమూ పోదు.

నది పక్కన కంపుంగ్ మోర్టెన్‌లో మలయ్ ఇళ్ళు: స్తంభాల మీద లేపిన నేల, చెక్క గోడలు, నేల దాకా దిగే కిటికీలు. మన మెట్ట ప్రాంతాల్లో మట్టిగోడ మందంగా కడతాం. పగలు 42, రాత్రి 27 ఉండే చోట ఆ గోడ రాత్రి చల్లబడి పగలు కాపాడుతుంది. ఇక్కడ పగటికీ రాత్రికీ తేడా ఏడు డిగ్రీలే. మందపు గోడ రాత్రికి చల్లబడటానికే వీల్లేదు, కాబట్టి వేడిని దాచుకోని పలుచని చెక్కే సరైనది. పొద్దు గుంకిన అరగంటకు ఆ ఇల్లు బయటి గాలితో సమానం. ఈ తెలివి ఉన్న దేశంలోనే ఇప్పుడు ఇటుకా కాంక్రీటుతో వరస ఇళ్ళు కట్టి, గదికో ఏసీ పెడుతున్నారు.

ఐదో రోజు: కౌలాలంపూర్

చెప్పడానికి ఎక్కువ లేదు. సముద్రగాలి అందదు కాబట్టి సింగపూర్ కంటే మధ్యాహ్నం ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ, వానా ఎక్కువే. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా టాక్సీ దొరకదనుకుని పనులు పెట్టుకోవాలి. కుండపోతను మోయడానికి 2007లో తెరిచిన 9.7 కిలోమీటర్ల స్మార్ట్ సొరంగం మామూలు రోజుల్లో కొంతమేర కార్ల రోడ్డు, వరద రోజుల్లో కాలువ.

ఆరో రోజు: కామెరూన్ హైలాండ్స్

ఎప్పుడూ వేడి అయితే ఎప్పుడూ చల్లగా ఉండే చోటుకు పోతే సరి అనుకునేవాళ్ళు ఈ ఊరు చూడాలి. లెక్క తేలిక: వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఇక్కడి ముఖ్య పట్టణం తానా రాతా దాదాపు 1,440 మీటర్ల ఎత్తున ఉంది. కింద 27 సగటయితే ఇక్కడ 18. పగలు 22, రాత్రి 15, జనవరైనా జూనైనా. తాపా నుంచి మెలికల రోడ్డు, కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. 1929లో మొదలైన బోహ్ తేయాకు తోటలు, ఏడాదంతా కాసే స్ట్రాబెర్రీలు, ప్లాస్టిక్ కప్పుల కింద కూరగాయలు. ఆ కప్పులు చలికి కాదు, వానకు.

మొదటి పూట స్వర్గమే. రెండో పూటకు తెలుస్తుంది, తేమ మాత్రం కిందే వదిలి రాలేదని. బట్టలు రెండు రోజులకూ ఆరవు, దుప్పటి చెమ్మగా తగులుతుంది. చలి కాచుకునే ఏర్పాట్లు చాలా గదుల్లో ఉండవు. మీదున్న బ్రించాంగ్ శిఖరం దగ్గర నాచు అడవిలో కొమ్మల నిండా చేయి మందాన నాచు. అడవికి అందం, అదే గది గోడ మీదైతే వేరే సంగతి. కీళ్ళనొప్పులున్నవాళ్ళకు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు కింది ఎండే నయం. వారాంతాల్లో కార్ల వరస చూస్తే కింద ఉండేవాళ్ళు కోరుకునేది చలి కాదని, మార్పని అర్థమవుతుంది.

ఏడో రోజు: తెలుక్ ఇంతాన్ మీదుగా బాగాన్ దాతుక్

కొండ దిగి తాపా, బిడోర్ దాటి, 1885లో కట్టిన ఒరిగిన గడియార స్తంభం ఉన్న తెలుక్ ఇంతాన్ మీదుగా పెరాక్ నది ముఖం దాకా. పల్లపు నేల, ఎటు చూసినా కొబ్బరి, మధ్య మధ్య ఆయిల్ పామ్. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన ఉత్తరాంధ్ర వైపు నుంచి తోటపనికి వచ్చిన తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతాల్లో ఇదొకటి. నేల చూస్తే కోనసీమే. ఒక్క తేడా కొబ్బరి ఎండబెట్టడంలో తెలుస్తుంది. అక్కడ చిప్పలు ఎండలో పరుస్తారు. ఇక్కడ వాన నమ్మనివ్వదు, అందుకే కొబ్బరిని బట్టీల్లో, ఖాళీ పెంకులే మండించి ఆరబెట్టేవారు. పొగ తగిలితే రంగు మారి ధర పడిపోతుంది, సెగ ఎక్కువైతే పైన గట్టిపడి లోపల పచ్చి మిగులుతుంది.

పంచాంగం మాత్రం అందరూ అక్కడిదే పట్టుకొచ్చారు. చలి లేని చోట భోగిమంట వేస్తే చుట్టూ నిలబడటం కష్టం. ఉగాదికి వేపపువ్వు ఎండినది దుకాణంలో కొనాల్సిందే. మామిడి మరీ మొండిది. అది బాగా పూయాలంటే కొన్ని వారాలు పొడిగా ఉండాలి, కాస్త చల్లగా ఉంటే ఇంకా మంచిది. ఏడాదంతా తడిగా ఉండే చోట చెట్టు ఆకులు వేసుకుంటూ పోతుంది. పూసిన కాస్త పూతనూ వాన, బూజుతెగులు తినేస్తాయి. మలేసియాలో పేరున్న హరుమనిస్ మామిడి వచ్చేది థాయ్ సరిహద్దున ఉన్న పెర్లిస్ నుంచి, ఎందుకంటే దేశంలో స్పష్టంగా పొడికాలం ఉన్నది ఆ ఉత్తరపు కొసలోనే. కాయ ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రమే దొరుకుతుంది, అదీ తోట వాళ్ళకు ముందే చెప్పి ఉంచుకున్నవాళ్ళకు.